నోరు ఆవిడది

శనివారం పొద్దున ఏడున్నర.
హెక్సమ్ ఊరు దాటి రెండు మైళ్ళు.
పొగమంచులో గొర్రెలు దగ్గుతున్నాయి, అచ్చం మనుషుల్లాగే.
ఇసుకా రబ్బరు ముక్కలూ కలిపి పరిచిన మైదానం మధ్యలో
మోరీన్ హెడ్లీ.
అరవై రెండేళ్ళు, ఎడమ తుంటిలో స్టీలు,
చేతిలో ఎప్పుడో చల్లారిన టీ కప్పు.

"మడమలు దించు!
చూపు పైకి! నేల ఎక్కడికీ పారిపోదు,
నువ్వే దాని దగ్గరికి వెళ్ళేట్టున్నావు.
బియ్యం బస్తాని ఎక్కించినా
ఇంతకంటే నిటారుగా కూర్చుంటుంది."

ఆవిడన్నది బంగాళాదుంపల బస్తా.
నా చెవిలో పడేసరికి బియ్యమైంది.
తిట్టు ఏ భాషలో బయల్దేరినా
ఇంటి భాషలోనే దిగుతుంది.

నాకు నలభై మూడు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
"ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని
రోజుకి నలభైసార్లు మెత్తగా చెప్పే నోరు నాది.
వారానికోసారి డబ్బులిచ్చి మరీ
తిట్లు తినడానికొస్తాను.
సోమవారం క్యాంటీన్‌లో ఆ తిట్లని
పతకాల్లా చూపించుకుంటాను కూడా.
నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

నవ్వనిది ఎల్స్‌పెత్. పదకొండేళ్ళది.
మూడో అడ్డుకర్ర దగ్గర దాని పోనీ మళ్ళీ ఆగిపోయింది.
"భయం గుర్రానిది కాదు, నీది.
నీ బరువు చాలనట్టు
నీ భయాన్ని కూడా మోస్తోంది, పాపం."
మైదానమంతా వినబడింది.
కంచె బయట వాళ్ళ నాన్న ఫోన్‌లోకి తల దించుకున్నాడు.
నేను నా గుర్రం మెడ మీద
లేని మట్టి దులిపాను.

జీన్ల గదిలో, తోలు వాసనలో,
ఆ పిల్ల రికాబు ఇనుముని గుడ్డతో తుడుస్తోంది.
తుడిచిందే తుడుస్తోంది.
ఏదో ఒకటి అనాలి కదా,
"ఆవిడ అందర్నీ అంతే అంటుంది" అన్నాను.
అది ఓదార్పో, ఆవిడ తరఫు సాక్ష్యమో
ఇప్పటికీ తేలలేదు.

మరుసటి వారం నా వంతు.
బ్రాకెన్, పదహారేళ్ళ బూడిదరంగు ఆడగుర్రం,
మూలమలుపులో భుజం జార్చింది.
"నిద్రపోతున్నావా?" అన్న కేక
నా వీపుకి తగిలి, భుజం దిగి, మోచెయ్యి దిగి
వేళ్ళలోకొచ్చింది.
పగ్గం గుంజాను.
ఇనుము దాని నాలుక మీద పడింది.
తల విసిరింది. నోరు తెరిచింది.
పసుపుపచ్చ పళ్ళ మధ్య నురగ.

తిట్టే నోరూ కొట్టే చెయ్యీ ఊరుకోవంటారు.
రెండూ ఒకరివే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
నోరు ఆవిడది, చెయ్యి నాది.

మోరీన్ అరవలేదు.
కప్పు కంచెకొయ్య మీద పెట్టి
కుంటుకుంటూ మైదానం దాటి వచ్చింది.
బ్రాకెన్ పెదవి ఎత్తి, వేలితో చిగురు తడిమి,
దాని ముక్కుపుటాల్లోకి మెల్లగా ఊపిరి వదిలింది.
"క్షమించు తల్లీ" అంది.
నాతో కాదు.
ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో!

"మాతో కూడా అలా మాట్లాడచ్చు కదా?"
అనేశాను, జీను మీంచే.
చాలాసేపు చూసింది.
"నాకు నేర్పినాయన ఎంతో మర్యాదస్థుడు.
జీను పట్టీ వదులుగా ఉందని చెప్పడానికి
మొహమాటపడ్డాడు."
తుంటి మీద తట్టుకుంది.

అయ్యుండొచ్చు.
అలాంటి తుంటులు వారానికి ఆరు చూస్తాను.
ఎవరి మర్యాద వల్ల విరిగిందో
ఫిల్ములో పడదు.

ఎల్స్‌పెత్ రావడం మానేసి ఐదు వారాలు.
దాని హెల్మెట్ ఇంకా నాలుగో కొక్కేనికే ఉంది.
లోపల స్కెచ్ పెన్నుతో రాసుకున్న పేరు,
పేరు చివర వంకరగా ఒక నాడా బొమ్మ.
మోరీన్ దాన్ని దించదు, ఇంకో పిల్లకి ఇవ్వదు.
ఇవాళ పొద్దున దాని మీద దుమ్ము
స్వెటర్ చేతితో తుడుస్తూ నా కంటబడింది.
ఉలిక్కిపడి, నన్ను చూసి,
"మడమలు!" అంది.

నేను నేల మీదే నిలబడి ఉన్నాను.